వదిన ఒత్తిన బన్ను

మా వదిన బర్గర్ చేతికిచ్చే ముందు దాన్ని అరచేత్తో ఒక్కసారి గట్టిగా ఒత్తేది. లోపలున్న సూర చేప టిక్కీ రసం బన్నుకు పట్టాలని ఆవిడ పట్టుదల. మా దీవుల్లోని అబర్డీన్ బజార్‌లో మా కొట్టు ఆ చేతి మీదే నడిచింది.

ఒకరోజు వీడియో తీస్తున్న టూరిస్టు ఒకాయన బర్గర్ ఎక్కడ పుట్టిందని అడిగాడు. నేను రెచ్చిపోయాను. జర్మనీలోని హాంబర్గ్ రేవు, అక్కడి నుంచి ఓడలెక్కి అమెరికా చేరిన ఖీమా వంటకం, దాన్ని బన్నులో మొదట పెట్టింది మేమంటే మేమని అక్కడి ఊళ్లు పడే తగువు, అన్నీ చెప్పాను.

"మరి ఈ దీవుల్లో చేప బర్గర్ మొదట చేసిందెవరు?"

"నేనే," అన్నాను. తలచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

పెనం దగ్గరున్న వదిన అట్లకాడ విసిరికొట్టింది. "హాంబర్గ్ గుర్తుంది గానీ, వెనకాల మాడిపోతున్న వదిన గుర్తులేదేటి? నేను జెట్టీ కాడ బుట్టలో పెట్టి అమ్మినప్పుడు నువ్వెక్కడున్నావు? ఝూఠా!" అని కొట్టు వదిలి వెళ్లిపోయింది.

తర్వాత చేసే మనిషి లేక టిక్కీలు షిప్పులో ప్యాకెట్లుగా తెప్పించాను. సిగ్గేసి, బోర్డు మీద ఆవిడ పేరు రాయించాను. దాంతో క్షమిస్తుందనుకోవడమూ నా పొగరే. మర్నాడే వచ్చి బర్గర్ అడిగింది. అలవాటుగా ఒత్తింది. బన్ను పొడిగానే ఉంది.

"దీని మీద నా పేరు తీసెయ్ భయ్యా," అంది, ఎప్పుడూ నన్ను బాబూ అని పిలిచే మనిషి.

తీసేశాను. ఇక్కడా ఆ పేరు రాయలేదు.