పళ్ళున్న బకెట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పగ అనే మాటను ఎవరూ పైకి అనలేదు. కానీ ఒక యాసంగి పంట కాలమంతా అన్నంతో పాటు దాన్నే తిన్నాం. ఆ పగను తీర్చింది మా మేనత్త. ఎలా తీర్చిందో చెప్పాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను.

మా ఊరు భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట ఉంటుంది. మా వరి పొలానికి వాగు నుంచి ఒక చిన్న కాలువ వచ్చేది. మా పైన పొలం ఒక పెద్ద ఆసామిది. ఆ ఏడు ఆయన తన చెరువు కోసం ఎర్రటి మొరం మట్టితో కట్ట పోయించాడు. ఆ కట్ట మా భూమిలోకి జరిగి, మా కాలువను మూసేసింది. గట్టు మీద మా తాత గుర్తు చెక్కించి పాతిన హద్దురాయి కూడా దాని కింద పడిపోయింది. మా వరి అప్పుడే కంకి వెయ్యబోతూ పొట్ట మీద ఉంది. మడిలో నేల బీటలు వారింది.

మా నాన్న నెమ్మదైన మనిషి. నీళ్ళు వదలమని అడగడానికి ఆసామి ఇంటికి వెళ్ళాడు. ఆయన అరుగు మీద కూర్చుని, నీళ్ళ మాట తర్వాత, ముందు దొడ్లో పెంట కుప్ప ఎత్తిపోయమన్నాడట. మా నాన్న నీళ్ళ మీద ఆశతో కూలీలందరి ముందూ పొద్దుగూకే దాకా గంపలతో పెంట మోశాడు. అంతా అయ్యాక ఆసామి నవ్వి, “నీళ్ళు నాకే సాలుతలేవు” అని లోపలికి పోయాడు. నాన్న ఇంటికి వచ్చి, బావి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. ఆ చేతులు కడుక్కోవడం ఈనాటికీ నా కళ్ళ ముందే ఉంది. నాకు పదేళ్ళుంటాయేమో. ఆ ఆసామి చచ్చిపోవాలని దేవుడికి మొక్కాను.

ఈ సంగతి తెలిసి మా మేనత్త తల్లాడ వైపు అత్తగారి ఊరి నుంచి ట్రాక్టర్ నడుపుకుంటూ వచ్చింది. ఆమె నాన్నకు అక్క. మామయ్య రోడ్డు పనులకు మట్టి ఎత్తేవాడు. ఆయన జ్వరంతో పోయాక, ముందు భాగాన మట్టి ఎత్తే బకెట్టున్న ఆ ట్రాక్టర్‌ను అమ్మమని అందరూ అన్నారు. ఆమె అమ్మలేదు, నడపడం నేర్చుకుంది. చీర కొంగు నడుముకు దోపుకుని స్టీరింగు పట్టుకున్న ఆడమనిషిని చూడటానికి మా ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది.

మొదట ఆమె ఊరి పెద్దలను కూర్చోబెట్టింది. ఆసామి తొణకలేదు. “మీ హద్దురాయి ఏది? సూపియ్యుండ్రి” అన్నాడు. అత్త లేచి నిలబడి, “రాయి నీ కట్ట కిందనే ఉన్నది. దొరికితే రాయికి ఇవతల ఉన్న కట్టంత తీసేస్త. దొరకకపోతే నా ట్రాక్టర్ నీ వాకిట్ల పెట్టి నడుసుకుంట పోత” అంది. పెద్దలు సరేనన్నారు. మా నాన్న ముఖం తెల్లబోయింది. ఆ ట్రాక్టరే ఆమెకు అన్నం పెడుతోంది.

మర్నాడు అందరి ముందూ కట్ట మీదికి బకెట్టు దించింది. ఆ బకెట్టు అంచు నున్నగా ఉండేది. వదులు మట్టి ఎత్తడానికి పనికొస్తుంది గానీ, తొక్కించి గట్టిపరచిన మొరంలోకి దిగదు. అది కట్ట మీద జారింది, వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. ఆసామి గొడుగు కింద నిలబడి, “గిన్నె తోటి గుట్ట తోడుతవా, అమ్మా?” అన్నాడు. జనం నవ్వారు. అత్త నవ్విన వాళ్ళందరినీ ఒక్కొక్కరిగా చూసి, బకెట్టు పైకెత్తి, నన్ను మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని సత్తుపల్లికి బయలుదేరింది.

అక్కడి వెల్డింగ్ షాపు ఆయన మామయ్యకు తెలిసినవాడు. సంగతంతా విని ఆయనకూ ఉడుకు పుట్టింది. పొడవాటి, మొనదేరిన ఇనుప పళ్ళు తెచ్చి నేల మీద పరిచాడు. “ఇవి అంచుకు వెల్డింగ్ చేస్త అక్కా. కట్ట ఏంది, ఆని ఇల్లు గూడ పెకిలిస్తయ్” అన్నాడు. నాకు వాటిని చూడగానే ప్రాణం లేచొచ్చింది. అవే కావాలని అత్త కొంగు లాగాను.

ఆమె ఒక పన్ను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆ కొనకు తగిలితే హద్దురాయి విరిగిపోదా అని అడిగింది. బండకు ఒక్క పన్ను తగిలినా పల్చటి బకెట్టు అంచు వంగదా అని అడిగింది. ఆయన ఒప్పుకుని, లోపలి నుంచి ఇంకొకటి మోసుకొచ్చాడు. అది బకెట్టు వెడల్పుకు సరిపోయే మందపాటి ఇనుప పట్టీ. దానికి పొట్టి పళ్ళు వరసగా ఉన్నాయి. అంచు మీద కూర్చోబెట్టి రెండు పక్కలా బోల్టులు బిగిస్తే చాలు. దెబ్బ ఒక్కచోట పడకుండా పట్టీ అంతా పంచుకుంటుంది. బోల్టులు విప్పితే మళ్ళీ నున్నటి బకెట్టే.

“గా పొడుగు పళ్ళంత జోరు ఉండదక్కా” అన్నాడాయన.

“అవ్, తెలుసు. నాకీ పళ్ళు పగ తీరే దాకనే కావాలె అన్నా. ఎల్లుండి మళ్ళ ఎరువెత్తుకోవాలె కద” అంది అత్త.

మర్నాడు పొద్దున అత్త తిరిగి కట్ట మీద పని మొదలుపెట్టినప్పుడు ఈసారి ఎవరూ నవ్వలేదు. పళ్ళు మొరంలోకి కరకరా దిగాయి. ఎర్రటి పెళ్ళలు ఊడి పడుతుంటే నా పళ్ళు కూడా బిగుసుకున్నాయి. అత్త తొందరపడలేదు. కొద్దికొద్దిగా గీరుతూ, ఆగి చూస్తూ, మళ్ళీ గీరింది. మధ్యాహ్నం దాటినా రాయి కనిపించలేదు. ఆసామి మనుషులు అప్పుడే ట్రాక్టర్ చుట్టూ తిరిగి టైర్లు తట్టి చూసుకుంటున్నారు. మా నాన్న తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు పళ్ళ కింద ఖంగుమని మోగింది. అత్త వెంటనే ఇంజను ఆపింది. మట్టిలో నల్లరాయి కొస కనిపించింది.

ఆసామి గొడుగు మూసి, “ఏదో బండరాయి” అని గొణిగాడు. అత్త కిందికి దిగి ఆయన ఎదుట నిలబడింది. “మా తమ్మునితోని పెంట ఎత్తించినవు. ఇప్పుడు గా రాయి మీది మట్టి నువ్వే తుడువు. మా అయ్య చెక్కించిన గుర్తు ఉన్నదో లేదో నీ కండ్లతోనే సూడు” అంది. ఆయన పెద్దల వైపు చూశాడు. వాళ్ళు కదల్లేదు. అంతమందిలో, మా నాన్నతో పాటు ఆ రోజు పెంట కుప్ప దగ్గర ఉన్న కూలీలందరూ చూస్తుండగా, ఆయన మోకాళ్ళ మీద కూర్చుని భుజం మీది కండువాతో మట్టి తుడిచాడు. గుర్తు బయటపడింది. అంత సంతోషం నాకు ఏ పండగలోనూ కలగలేదు. అబద్ధం చెప్పను.

రాయికి ఇవతల కట్టనంతా అత్త తీసేసింది. మూసుకుపోయిన కాలువలోకి వాగు నీళ్ళు దూకాయి. అప్పుడు మా నాన్న, ఎన్నడూ గొంతెత్తని మనిషి, “అక్కా, ఆపకు! మొత్తం తవ్వు! ఆని చెరువంత ఖాళీ చెయ్యి!” అని అరిచాడు. నేనూ అరిచాను. ఇంకో నాలుగు సార్లు బకెట్టు దించితే ఆసామి చెరువు మిగిలేది కాదు, దాని కింద ఆయన మిరప తోటా మిగిలేది కాదు.

అత్త ఇంజను ఆపి, రెంచీ తీసుకుని, అందరూ చూస్తుండగా బోల్టులు విప్పింది. పట్టీ దబ్బున నేల మీద పడింది. నాన్న ఏడుస్తూ ఎందుకాపావని అడిగాడు.

“రాయి దాటితే ఆనికీ మనకూ తేడా ఏందిరా? రేపు మన మీదనే కేసు పెడ్తడు, ఊరంత అయ్యో పాపం అంటది. గా అయ్యో పాపం గూడ ఆనికి దక్కనియ్య. ఆడు రోజూ పొద్దున్నే చెరువు మీదికి వచ్చి గీ రాయిని సూసుకుంట బతకాలె.”

ఆ ఏడు మాకు సగం వరి దక్కింది. అత్త బతికున్నంత కాలం ఏటా వచ్చి ఆ రాయికి సున్నం కొట్టి వెళ్ళేది, దూరం నుంచి కూడా కనపడేలా. ఆసామి ముసలివాడయ్యాక ఆ దారిన రావడమే మానేశాడని విన్నాను.

ఇప్పుడు నాకూ మనవరాళ్ళున్నారు. పగ మంచిది కాదని వాళ్ళకు చెప్పడం నాకు చేతకాదు. మా నాన్న చేతులు కడుక్కోవడం నేను చూశాను, ఆ ఆసామిని నేను క్షమించలేదు. కానీ ఎవరి మీదైనా ఒళ్ళు మండినప్పుడు, మాట అనే ముందు, అడుగు వేసే ముందు, ఎక్కడ ఆగాలో మనసులో తేల్చుకుంటాను. అది తేలే దాకా కదలను. తేలాక మాత్రం, ఎదుట ఎంతటివాడున్నా అక్కడి దాకా వెళ్ళి తీరతాను.