మనవ్వ అన్న మాట

టీవీలో నా చెయ్యి కనిపించింది. చెయ్యి మాత్రమే. మా యారాలికి మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ, మోచేతి దాకా. గాజులు బాగానే కనిపించాయి. మిగతా నన్ను కోసి పారేశారు.

యారాలంటే తోటికోడలు, మా మరిది భార్య. సిద్దిపేటలో ఒకే ఇంట్లో కింద మేము, పైన వాళ్ళు. ఆమె నా కన్నా చిన్నది, నా కన్నా తెల్లగా ఉంటుంది, నా కన్నా బాగా ఏడుస్తుంది. మొదటి రెండూ నేను ఎప్పుడో క్షమించేశాను. మూడోది నా వల్ల కాలేదు.

మేమిద్దరం ప్రజ్ఞాపూర్ దాటాక రోడ్డుకు లోపలగా ఉన్న ఒక ఆశ్రమంలో ఉండి బయటపడ్డవాళ్ళం. మొదట గురువారం భజనకు పోయాం. తర్వాత సేవకని పోయాం. తర్వాత అక్కడే ఉండిపోయాం. మా మొగుళ్ళు పెద్దగా అడ్డుపడలేదు. ఇంట్లో యారండ్ల కొట్లాట తగ్గిందని లోలోపల సంతోషించారు కూడా. తగ్గకేం చేస్తుంది? అక్కడ ‘నా’ అనే మాటే నిషేధం. నా చీర లేదు, నా పిల్లలు లేరు, నా వంటిల్లు లేదు. అంతా ‘మన’. నోరు జారి ‘నా’ అన్నవాళ్ళు భజన అయ్యేదాకా గడప బయట కూర్చోవాలి. మొదటిసారి ‘మన మొగుడు’ అనాల్సి వచ్చినప్పుడు నేనూ యారాలూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం. కొన్నాళ్ళకు ఆ మాటకు నవ్వు రావడం మానేసింది.

అక్కడి పెద్దావిడను అందరూ తల్లి అనేవారు. ఆ తల్లికి మా యారాలంటే ప్రాణం. అప్పటికే భజనలో ముందు వరస ఆమెది, స్తంభం వెనక జాగ నాది.

మా అవ్వ, అంటే నన్ను కన్న అమ్మ, పోయిందని మా పుట్టిల్లు రాయపోల్ నుంచి తమ్ముడు ఫోన్ చేసిన రోజు నేను గేటు దగ్గరికి ఉరికాను. తాళం వేసి ఉంది. చువ్వలు పట్టుకుని మొత్తుకున్నాను. వాచ్‌మన్ నా మొహం చూడకుండా అటు తిరిగి నిలబడ్డాడు. యారాలు నా వెనక నిలబడి ఏడుస్తోంది. తల్లి నింపాదిగా వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది.

“మనవ్వ వోయింది బిడ్డా. అందరం గీడనే ఏడుద్దాం. నువ్వొక్కదానివి వోయి నా అవ్వ, నా అవ్వ అని ఏడిస్తే ఇన్ని దినాల సాధన ఏమైనట్టు?”

అందరినీ హాల్లో కూర్చోబెట్టింది. ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళంతా మా అవ్వ కోసం ఏడ్చారు. మా యారాలైతే నేల మీద అరచేతులు కొట్టుకుంటూ ఏడ్చింది. నాకు ఒక్క చుక్క రాలేదు. అలాగే కూర్చున్నాను. తల్లి నన్ను చూసింది, యారాల్ని చూసింది. “గిదీ ఏడుపంటే. గీమెను జూసి నేర్సుకోండ్రి” అంది. మా అవ్వ చావులో కూడా ఆమెకే ఫస్టు వచ్చింది.

కొన్నాళ్ళకు కూరగాయల ఆటో వచ్చి గేటు తెరిచినప్పుడు నేను బయటికి నడిచాను. చెప్పుల్లేవు, సంచీ లేదు. “అక్క వోతే నేనొక్కదాన్ని గీడేం జేస్త” అంటూ యారాలు వెనకే వచ్చింది. అంటే ముందు బయటపడ్డది నేను. ఇది టీవీలో రాలేదు, అందుకని ఇక్కడ చెప్తున్నాను.

తిరిగొచ్చాక రాఖీ పున్నానికి రాయపోల్ పోయాను. నన్ను చూసి తమ్ముడు బాయికాడికి పోయాడు. వెనకే పోయి మోటారు పక్కన నిలబడి జరిగింది చెప్పాను. గేటు తియ్యలేదన్నాను.

“నిన్నెవలన్న కట్టేసిన్రా అక్కా?” అన్నాడు.

లేదన్నాను.

“మరి కాళ్ళు లెవ్వా? గేటు దుంకొస్తే సస్తవా?”

రాఖీ నా చేతిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత అతను నాతో మాట్లాడలేదు. బతుకమ్మకు పిలవలేదు. పుట్టింటి నుంచి ఒడిబియ్యం లేదు. అతని లెక్కలో నేను కన్నతల్లి పోతే కూడా రాని బిడ్డను. ఆ మచ్చ పోవాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఆశ్రమం మీద ప్రోగ్రాం తియ్యడానికి టీవీవాళ్ళు వస్తారని తెలిసినప్పుడు నేను ఒప్పుకున్నది అందుకే. నేను చెప్తే నమ్మనివాడు టీవీ చెప్తే నమ్మకపోతాడా అనుకున్నాను.

హైదరాబాద్ నుంచి కెమెరాలతో వచ్చారు. మా ముందర గదిలో సోఫా జరిపి, కిటికీకి మా దుప్పటే అడ్డం కట్టారు. మొదట నన్నే కూర్చోబెట్టారు. పెళ్ళికి ముందు నేను ప్రైవేట్ బడిలో పాఠాలు చెప్పినదాన్ని. ఒక వరసలో పెట్టి చెప్పాను. భజన, సేవ, తిండి, ‘నా’ అనకూడదన్న నియమం, గేటు, అవ్వ. ఎక్కడా తడబడలేదు. అడిగే అమ్మాయి మధ్యలో రెండుసార్లు “ఏడుపొస్తే ఆపుకోకండమ్మా” అంది. రాలేదు, ఏం చెయ్యను? “చాలా క్లియర్‌గా చెప్పారు మేడం” అంది చివరికి. ఆ మాట విని మురిసిపోయాను చూడండి, నా అంత తిక్కది ఇంకొకతి లేదు.

తర్వాత యారాలు కూర్చుంది. అడిగింది ఒకటి, ఆమె చెప్పింది ఒకటి. నాలుగు మాటలకే బోరున ఏడ్చింది. కెమెరా పట్టుకున్న పిల్లవాడు కూడా ముక్కు ఎగపీల్చాడు. నీళ్ళు తెచ్చింది నేను.

ఆదివారం ప్రోగ్రాం వేశారు. ఆశ్రమం నుంచి బయటపడ్డ ఇంకొందరు కూడా మాట్లాడారు, కానీ మొదలు మా యారాలే, మధ్యలో మా యారాలే, ఆఖరికీ మా యారాలే. “మనవ్వ సచ్చిపోతే గేటు వట్టుకొని మొత్తుకున్నం. తియ్యలే. మనవ్వ మొకం గూడ సూడనియ్యలే” అంటూ ఆమె ఏడుస్తుంటే కింద ఎర్రటి పట్టీ మీద అక్షరాలు పరుగెత్తాయి. “నా కన్నతల్లి చచ్చిపోయినా గేటు తియ్యలేదు!”

సొమ్మొకరిది, సోకొకరిది! మా అవ్వ, నేను పట్టుకున్న గేటు, తోలు లేచిన నా అరచేతులు, ఆమె కన్నీళ్ళు. ఆమె కన్నతల్లి ఆమె పాకే వయసులో పోయింది. ఆ సంగతి మా గల్లీలో ఎవరికి తెలుసు? తెల్లారేసరికి పరామర్శలు మొదలు. ఎదురింటి దర్జీ భార్య సేమియా వండుకుని మెట్లెక్కి పైకి పోయింది. “అరె, అమ్మ కోసం ఎంత తడప్‌గయీ, ఎంత అల్లాడింది బిచారీ” అనుకుంటూ దిగింది. నా గడప ముందు నుంచే పోయింది, నాకు చెంచాడు సేమియా పెట్టలేదు. పిల్లలు ఫోన్లలో ఆ ముక్కే తిప్పి తిప్పి పెట్టారు. కూరగాయలకు పోతే “టీవీల అచ్చినామె మీ యారాలేనా” అని బెండకాయలామె కూడా అడిగింది. కాదు, నేనే అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి నవ్వింది.

యారాలితో మాట మానేశాను. గిన్నెలు మాత్రం గట్టిగా తోమాను, పైకి వినపడేటట్టు. “అక్కా, ఏమైందే?” అని ఆమె మెట్ల మీద నుంచి అడిగింది. ఇంకో గిన్నె అందుకున్నాను. ఏమైందో కూడా తెలియనంత అమాయకత్వం. అది కూడా టీవీలో బాగుంటుంది.

అట్లాంటి సమయంలో ఒక పొద్దున తమ్ముడి బండి మా ఇంటి ముందు ఆగింది. టీవీ చూశాడు, అర్థం చేసుకున్నాడు, నా కోసం వచ్చాడు అనుకున్నాను. పాలు ఎక్కువ పోసి చాయ్ పెట్టి తెచ్చాను. అతను గ్లాసు అందుకోకుండా, “చిన్నక్క లేదా?” అని యారాల్ని అడిగాడు.

యారాలు కిందికి దిగి వచ్చింది. తమ్ముడు లేచి నిలబడ్డాడు.

“చిన్నక్కా, టీవీల జూసిన. పాణం ఆగక అచ్చిన. తల్లి వోతే గేటు వట్టుకొని గట్ల మొత్తుకున్నవ్. బిడ్డంటే గట్లుండాలె. మా అవ్వ పాడెను పొద్దుగూకేదాక లేపలే నేను. బిడ్డస్తది, బిడ్డస్తది అని ఆపిన. కాళ్ళు జేతులు సక్కగున్న బిడ్డ.”

ఇంత మాటా నా వైపు చూడకుండానే అన్నాడు. చాయ్ గ్లాసు నా చేతిని కాలుస్తోంది, దించలేకపోయాను.

యారాలు అయోమయంగా అతన్ని చూసింది, నన్ను చూసింది. నా గిన్నెల చప్పుడంతా ఆమెకు అప్పుడు అర్థమైనట్టుంది.

“ఏం మాట తమ్మీ గది? మా అవ్వ ఎప్పుడు వోయిందో నాకు యాది గూడ లేదు. నేను జెప్పింది మీ అవ్వ ముచ్చట.”

“మరి మనవ్వ అంటివి?”

“గాడ గట్లనే అలవాటు జేసిన్రు. నా అననియ్యలే. ఇప్పటికీ నా నోట్లకెల్లి... సూడు, ఇప్పుడిప్పుడే అస్తుంది. గేటు వట్టుకున్నది మీ అక్క. అరచేతుల తోలు లేసేదాక ఇడువలే. నేను ఎన్క నిలవడి ఏడ్సిన, అంతే. టీవీ గాళ్ళు మీ అక్కది కోసేసి నాది వెట్టిన్రు.”

తమ్ముడు కుర్చీలో కూలబడ్డాడు. ఒక్కసారికే నమ్మాడు. అదే మాట నేను బాయికాడ నిలబడి చెప్తే కాళ్ళు లెవ్వా అన్నాడు, ఆమె చెప్తే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నా మచ్చ తుడవడానికి కూడా ఆమె నోరే కావాల్సి వచ్చింది. నాకు సంతోషమయింది, దాని పక్కనే ఒళ్ళు మండింది.

అతను నా చేతిలో గ్లాసు తీసి పక్కన పెట్టి, అరచేతులు వెల్లకిల తిప్పి చూశాడు. తోలు ఎప్పుడో మళ్ళీ వచ్చేసింది. అక్కడ చూడటానికేముంది?

“నిజమేనా అక్కా? నువ్వు జెప్పు.”

నా అవ్వ అందామనుకున్నాను. ఆ రెండు మాటలూ ఎన్నాళ్ళుగానో వంటింట్లో ఒంటరిగా అని చూసుకున్నాను. తీరా నోరు తెరిస్తే పాత మాటే వచ్చింది.

“మనవ్వ రా తమ్మీ. మనవ్వ వోతే నేను రాకుంట ఉంటనా?”

“ఔ అక్కా” అన్నాడు తమ్ముడు, నా చేతుల్లో మొహం పెట్టుకుని. “మనవ్వ.”

ఏడుపు అప్పుడొచ్చింది నాకు. యారాలు కూడా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చి, “ఔ తమ్మీ, మనవ్వ...” అని మొదలుపెట్టింది. నేను తలెత్తి ఆమె వైపు చూశాను. అంతే. ఆమె ఆ మాట అక్కడే ఆపేసి, చల్లారిన చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.