చావడిలో దొరకని జవాబు

సర్వే చేశామని గొప్పలు చెప్పుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎక్కడ కూర్చుని అడిగారు? పక్కన ఎవరున్నారు? ఆ రెండూ చెప్పరు. మా మేనమామ జానయ్య ఆ రెండింటి కోసమే నౌకరీ పోగొట్టుకున్నాడు.

మామది పానగల్. ఉర్దూ చదువు ఒంటబట్టిన రైతుబిడ్డ. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, ఏ చేను ఎవరు దున్నుతున్నారో తేల్చే విచారణలో గుమాస్తాగా చేరాడు. దున్నేవాడి పేరు కాగితానికెక్కితే దొర ఆ చేను గుంజుకోలేడు. ఎక్కకపోతే అంతే సంగతులు.

తిరుమలగిరి దగ్గరి ఒక పల్లెకు పంపారు. ఆఫీసరు చెప్పిన పద్ధతి ఒకటే: చావడిలో కూర్చో, అందరినీ పిలిపించు, అడుగు. మామ అట్లాగే కూర్చున్నాడు. పక్క కుర్చీలో ఎవరు? దొర మనిషి, ఊరి పటేలు! పిల్లిని పాలకు కాపలా పెట్టడమంటే ఇదే.

బక్కమ్మ వంతు వచ్చింది. గొర్లు కాసుకుంటూ, అత్తమామల కాలం నుంచి కౌలుచేను దున్నుకునే ఇల్లు ఆమెది. భర్త గోపయ్య దొరల మీద తిరగబడ్డ సంఘంలో తిరిగాడని జైల్లో వేశారు.

"చేను ఎవరు దున్నుతున్నరమ్మా?"

"దొరనే దున్నిపిస్తుండు, నీ బాంచెన్."

ఊరంతా అదే మాట, ఒక్కరూ తడబడలేదు. మామకు అనుమానం వచ్చిందే అక్కడ. ఊరంతా ఒకే పాట పాడిందంటే ఎవరో నేర్పినట్టే కదా!

సరే, ఇంటింటికీ పోయి అడిగాడు. అది ఇంకా అధ్వానం. మంచం వాల్చారు, మంచినీళ్ళిచ్చారు, అదే మాట చెప్పారు. మొదట రజాకార్లు, తర్వాత పోలీసులు గడపగడపకూ వచ్చి అడిగిన ఊరది. నిజం చెప్పినవాళ్ళు ఏమయ్యారో అందరూ చూశారు. ఇక అడిగేవాడు మంచివాడా కాదా అని ఎవరు చూస్తారు?

అప్పుడు మామ అడగడమే మానేశాడు. ఆ దిక్కు ఒక ఆచారముంది. జొన్నకోతకు ముందు చేనుగట్టున ఐదు రాళ్ళు పెట్టి, సున్నం పూసి, పాండవులని మొక్కుతారు. దున్నినవాళ్ళే ఆ రాళ్ళు పెట్టాలి. పరాయివాళ్ళు పెడితే పంట చేతికి రాదని భయం, దొర కూడా ఆ జోలికి పోడు. ఆ రోజు దాకా మామ ఊళ్ళోనే ఆగాడు.

పొద్దున్నే చేలవైపు పోతే బక్కమ్మ ఒక్కతే రాళ్ళకు సున్నం పూస్తోంది. మామను చూడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అయ్యా, గిది గూడ రాస్తవా?"

"నువ్వు వద్దంటే రాయనక్కా."

ఆమె సున్నం చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "నన్నడిగితె దొరదే అంట. నా మొగడింకా జైల్లనే ఉన్నడు. నువ్వు జూసినవు గద, జూసింది రాస్కో. నేను జెప్పిన్నని మాత్రం రాయకు."

ఆ ఒక్క చేనే రాస్తే పటేలు కన్ను ఆమె మీదే పడుతుంది. అందుకని మామ ఆ రోజు ఊరి చేలన్నీ తిరిగి, రాళ్ళు పెట్టిన ప్రతివాళ్ళనూ రాశాడు.

ఆఫీసరు మండిపడ్డాడు. "రాళ్ళు సాక్ష్యమా? మతి ఉందా? మనిషి నోటితో చెప్పాలి!" మళ్ళీ చావడిలో, మళ్ళీ పటేలు ఎదుటే విచారణ పెట్టాడు. బక్కమ్మను పిలవబోతుంటే మామ లేచి నిలబడ్డాడు.

"గామెనెందుకు సార్? జూసింది నేను. నన్నడుగుండ్రి, సంతకం నేను జేస్త."

"సాక్షివైతే గుమాస్తాగా ఉండలేవు, జానయ్యా."

"లేకుంటె మానె."

గోపయ్యతో పాటు మిగతావాళ్ళ పేర్లూ ఎక్కాయి, మామ నౌకరీ ఊడింది. పానగల్ తిరిగొచ్చి నాగలి పట్టాడు.

కొన్నేళ్ళకు గొర్రెలు కొందామని తిరుమలగిరి అంగడికి పోయాడు. అక్కడ బక్కమ్మ ఎదురైంది. పలకరిస్తుందనుకుని మామ నవ్వాడు. ఇంతలో ఆమె వెనకాల పటేలు. "గీ జానయ్యకు గప్పుడు నువ్వే జెప్పినవు గదనే?"

"గా మనిషితోని నేనెన్నడు మాట్లాడలే, పటేలా." ముఖం తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి చెబితే మా అమ్మ ఊరుకుంటుందా? "అయ్యో, ఎంత విశ్వాసం లేని మనిషి! నౌకరీ పోగొట్టుకుంటివి, ఒక్క మాట మాట్లాడదా?"

"అట్లనకు చెల్లే. మాట్లాడితె ఇద్దరం కలిసి రాయించినమని పటేలు ఆ కాగితం కొట్టేయిస్తుండె, ఆమె చేను పోతుండె," అన్నాడు మామ. అని, పసిపిల్లవాడిలా బోరున ఏడ్చాడు.