కడాయి ఎందుకు తేలింది

తెలంగాణ కోసం సమ్మె కట్టి బడులు మూసిన రోజుల్లో నేను కోరుట్లలో సైన్సు టీచర్ని. సమ్మె ముగిసేదాకా పాఠం చెప్పకూడదని టీచర్లమంతా ఒట్టు పెట్టుకున్నాం. పగలంతా శిబిరంలో కూర్చునేదాన్ని. ఇంటికొచ్చాక మాత్రం పదో తరగతి చదివే మా అమ్మాయికి పాఠం చెప్పేదాన్ని. కన్నబిడ్డకు చెబితే తప్పేమిటనుకున్నాను.

ఒక సాయంత్రం మా అమ్మాయి వాకిట్లో గిన్నెలు తోముతోంది. తన తరగతే చదివే ఎదురింటి టైలర్ కూతురు వచ్చి పక్కన కూర్చుంది. తొట్టిలో చెంచా మునిగిపోయింది, ఇనుప కడాయి తేలింది.

"గింత చెంచా మునిగింది, గంత బరువు కడాయి ఎట్ల తేలింది?" అందా పిల్ల. "లోపల గాలున్నది, గందుకే."

"గాలి కాదు. అది తన బరువంత నీళ్లను పక్కకు జరుపుతది. చెంచా జరపలేదు," అంది మా అమ్మాయి.

"గీ పాఠం మనకు కాలేదు గదనే?"

మా అమ్మాయి నా వైపు చూసింది. ఆ పిల్ల కూడా చూసింది.

"మీ బిడ్డకు చెప్పిన్రా మేడం?"

కోపంగా అనలేదు. నేను తల దించుకున్నాను.

మర్నాడు శిబిరంలో మా పెద్దసారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. 

"మనం బంద్ వెట్టింది బడిని, చదువును గాదు. రేపు రోడ్డు మీద వంటావార్పు ఉన్నది. పిల్లల్ని గాడికే తోల్కరా," అన్నాడు.

మర్నాడు రోడ్డు మీద, అన్నం వండే గుండిగలో నీళ్లు నింపి కడాయి వదిలాం. టైలర్ కూతురు అందులో గులకరాళ్లు వేస్తూ పోయింది. కడాయి కిందికి దిగేకొద్దీ నీళ్లు గుండిగ అంచుదాకా లేచాయి. "జరుగుతున్నయ్ మేడం!" అని అరిచింది. చుట్టూ ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్లంతా శిబిరానికి దగ్గరి వాడల పిల్లలే. దూరం వాళ్లకు కబురే అందలేదు.

బడి తెరిచాక వెనక బెంచీల్లో కొందరు ఆడపిల్లలు కనిపించలేదు. దూరపు వాడలో ఉండే ఒకమ్మాయి ఇంటికి వెళ్లాను. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"బడి బందయి ఖాళీగున్నదని నేర్పిన మేడం," అంది తల్లి. "చెయ్యి దిరిగింది. ఇగ బడెందుకు?"

ఎంత బతిమాలినా ఆమె ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి తలెత్తలేదు.

టైలర్ కూతురు ఇప్పుడు జగిత్యాలలో నర్సు. రాష్ట్రం వచ్చింది, శిబిరంలో కూర్చున్నందుకు నాకు విచారం లేదు. ఆ బీడీల ఇంటి సందులోంచి మాత్రం ఇప్పటికీ నడవలేను.