కూలర్‌లో వచ్చిన ఓడ కప్పీ

2016 వేసవి. నార్త్ కరోలినా తీరంలో, మునిగిన ఓడల నుంచి తీసిన వస్తువులను భద్రపరిచే ల్యాబ్‌లో నేను కన్జర్వేటర్‌ని. ఉప్పునీళ్ళలో నానిన చెక్క, ఇనుము, తోలు గాలి తగిలి పాడవకుండా చూడటం మా పని. ఒక శుక్రవారం పక్క రాష్ట్రంలోని ఆష్‌బర్న్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ రమణమూర్తిగారు వచ్చారు. అక్కడి డేటా సెంటర్‌లో ఇంజనీరు. ఇక్కడో తెలుగావిడ పనిచేస్తోందని ఎవరో చెప్పారట. కారు డిక్కీలో పిక్నిక్ కూలర్, దాని నిండా నీళ్ళు, అడుగున చెక్క కప్పీ. పాతకాలం ఓడల్లో తెరచాప తాళ్ళు లాగడానికి వాడేది.

ఆయనా, భార్య వసుంధరగారూ స్కూబా డైవర్లు. కొన్నేళ్ళ క్రితం ఈ తీరంలోనే ఓ మునిగిన ఓడ దగ్గర ఆవిడ దాన్ని పైకి తెచ్చారు. ఆరితే చీలిపోతుందని తెలుసుకుని, గ్యారేజ్‌లో నీళ్ళలో ఉంచి, ఆదివారం ఆదివారం నీళ్ళు మార్చేవారు. ఆవిడ పోయాక ఆ పని ఆయన చేస్తున్నారు.

"దీన్ని ట్రీట్ చేసి ఇస్తే హాల్లో పెట్టుకుంటానమ్మా," అన్నారు.

చెప్పక తప్పలేదు. ఇక్కడ మునిగిన ఓడలు రాష్ట్ర ప్రభుత్వానివి. పర్మిట్ లేకుండా తీసినదాన్ని ఇంటికి తిరిగి ఇవ్వలేం. ఆయన కూలర్ మూత వేశారు. కాసేపటికి మళ్ళీ తీశారు.

"వసుని దొంగ అని రాస్తారా?"

"లేదండీ. ఆవిడ తడి ఆరనివ్వలేదు కాబట్టే ఇది ఇంకా కప్పీలా ఉంది. ఎక్కడ దొరికిందో మాత్రం చూపించండి."

కప్పీ వదిలి వెళ్ళారు. దాన్ని పెగ్ తొట్టిలో వేశాం. పెగ్ అంటే మైనంలాంటి పదార్థం. చెక్కలోని నీటి స్థానంలోకి అది మెల్లగా ఎక్కాలి. ఏళ్ళు పడుతుంది. ఆయన అప్పుడప్పుడూ వచ్చి తొట్టి పక్కన నిలబడేవారు. పడవెక్కితే ఆవిడకి వాంతులట, అయినా పులిహోర డబ్బా మర్చిపోయేవారు కాదట. ఆ కబుర్లు వింటూ పని చేసుకునేదాన్ని.

మరుసటి వేసవి ఆ ఓడని సర్వే చేసే మా టీమ్‌తో సముద్రంలోకి వచ్చారు. ఆవిడ పోయాక అదే మొదటి డైవ్. కింద ఓడ పక్కటెముకల్లాంటి చెక్కలు పడవల లంగర్ల దెబ్బలకి విరిగి ఉన్నాయి. వెనకభాగం దగ్గర ఒకచోట ఆయన ఇసుక మీద చెయ్యి ఆనించి చూపించారు. పైకొచ్చి మాస్క్ తీశారు.

"వసు కప్పీ తీసిన గుంట పూడిపోయిందమ్మా. ఇక్కడే తీసిందంటే ఎవరూ నమ్మరు."

ఆ సర్వే వల్లే అక్కడ మూరింగ్ బోయ్ వచ్చింది. పడవలు ఆ తేలే గుండుకి కట్టుకుంటాయి. ఓడ మీద లంగరు పడదు. కప్పీ ఇప్పుడు మ్యూజియంలో ఉంది.

అంతకుముందు ఎవరేం తెచ్చినా మొదట పర్మిట్ అడిగేదాన్ని. సగం మంది మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు. ఇప్పుడు కూర్చోబెట్టి, దాన్ని సముద్రంలోంచి తీసినవాళ్ళ గురించి అడుగుతాను. ఆ మాటల్లోనే ఓడ ఎక్కడుందో చెప్పేస్తారు.