కుళాయి పక్కన కుర్చీ

ఈ ఉదయం తర్లుపాడు పక్కన మా ఊళ్ళో కొత్త కుళాయి ప్రారంభం. సర్పంచుని కదా, కత్తెర నా చేతికిచ్చారు. అలవాటు కొద్దీ ముందు దోసిట్లో నీళ్ళు పట్టి ఒక గుక్క తాగాను. తియ్యగా ఉన్నాయి. మా వైపు బోర్లన్నీ ఉప్పునీళ్ళే, తియ్యటివి ఎక్కణ్ణుంచో తెచ్చుకోవాల్సిందే. వెంటనే అనుమానం వచ్చింది, ఆ వెనకే కరుణమ్మ గుర్తొచ్చింది.

మా వైపు నుంచి లోక్‌సభకు వెళ్ళిన మొదటి ఆడమనిషి ఆమె. కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబంలో పుట్టి, టీచరుగా పనిచేసి రాజకీయాల్లోకి వచ్చింది. చెప్పిన మాట వింటుందిలే అనుకుని పార్టీవాళ్ళు టికెట్ ఇచ్చారు. ఎందుకిచ్చారో ఆమెకు బాగా తెలుసు, అందుకే ఎవరినీ నమ్మేది కాదు. దండ వేసినవాణ్ణి వదిలేసి, వాడి వెనక నిలబడినవాణ్ణి చూసేది. మార్కాపురంలోని ఆమె ఆఫీసులో నేను పనికి చేరిన రోజు కూర్చోమని కూడా అనలేదు.

"నిన్ను ఎవురు పంపించినారు పాపా?"

"ఎవురూ లేదమ్మా. నేనే వచ్చినా."

"ఎవురూ పంపకుండా నా దగ్గరికి ఎవురొస్తారు?"

చాలాకాలం నా చేతి టీ ముట్టలేదు. నాకు ఒళ్ళు మండేది. మనిషికి ఇంత అనుమానం పనికిరాదని ఇంటికెళ్ళి మా నాయన దగ్గర విసుక్కునేదాన్ని.

ఒకసారి పుల్లలచెరువు అవతల ఒక పల్లెలో మంచినీళ్ళ పథకం ప్రారంభానికి వెళ్ళాం. రిబ్బను కత్తిరించే ముందు నీళ్ళు రుచి చూడడం ఆమె పద్ధతి. తాగి, "తియ్యగ ఉండాయే" అంది, అంతే. కత్తెర పళ్ళెంలోనే పెట్టేసి కుళాయి పక్కన కుర్చీ వేయించుకుంది.

"ముందు బిందెలు పట్టుకోండమ్మా. రిబ్బను యాడికి పోతుంది?"

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని వరసలోకి వచ్చారు. పార్టీ మండల నాయకుడు చెమట తుడుచుకుంటూ వంగాడు.

"అక్కా, ఎండెక్కువైంది. గిద్దలూరులో మీటింగు ఉంది. కత్తిరించి పోదాం."

"పోదాంలే నాయనా. నీకేంది అంత తొందర?"

వరస సగం దాటాక కుళాయి బుస్సుమని గాలి ఊది ఆగిపోయింది. పైపులైను ఆ ఊరిదాకా రానేలేదు. ఎక్కణ్ణుంచో ట్యాంకర్లతో తెచ్చి పైన ట్యాంకు నింపారు. అక్కడి ఉప్పటి బోరు నీళ్ళే పోసి ఉంటే ఆమె నాలుకకు దొరికేవాళ్ళు కాదేమో, గొప్ప కోసం తియ్యటి నీళ్ళు తెచ్చారు. కరుణమ్మ లేచి కత్తెర ఆ నాయకుడి చేతిలో పెట్టింది.

"నీళ్ళు వచ్చినంక పిలువు, వస్తా."

"ఇట్లయితే మళ్ళీ టికెట్టు కష్టమక్కా."

"తెలుసులే."

కారులో ఉండబట్టలేక అడిగాను. "మొదటి గుక్కకే తెలిసింది గదమ్మా, అప్పుడే అడగలేదేంది?"

"అప్పుడే అడిగుంటే కుళాయి కట్టేసేవాళ్ళు పాపా. ఆ కాసిని నీళ్ళు గూడా దక్కేవి కావు. సగంమంది బిందెలన్నా నిండినాయి."

ఆమె మీద నాకున్న కోపం ఆ కారులోనే పోయింది. ఆ పైపులైను గురించి ఢిల్లీలో అడిగీ అడిగీ సొంత పార్టీకే తలనొప్పి అయింది. తర్వాతి ఎన్నికల్లో టికెట్ ఇవ్వలేదు. ఆఫీసు ఖాళీ చేసిన రోజు నేను టీ ఇస్తే తీసుకుని, చివరిదాకా తాగింది. "చక్కెర ఎక్కువేసినావు" అని మాత్రం అంది. నాకు ఏడుపొచ్చింది.

"కత్తిరించండి మేడం, ఆలస్యమవుతోంది" అని ఈ ఉదయం ఇంజనీరు రెండోసారి అన్నాడు. నేను కుర్చీ తెప్పించుకున్నాను.

"బిందెలు తెచ్చుకోండక్కా."

వరస వీధి మలుపు దాటింది. నీళ్ళు ఇంకా వస్తూనే ఉన్నాయి. నేనింకా లేవలేదు.