తాళంచెవి ఎవరి దగ్గర?

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పే మనిషిని నేను. మా ఆవిడ నా మాటల్ని పదితో భాగించి వింటుంది. మీరు కొత్తవారు గనుక అయిదుతో భాగించండి, చాలు.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. అల్లూరు దగ్గర మా ఓఎస్‌టీ కేంద్రం. మత్తు ఇంజెక్షన్లకు అలవాటుపడి, మానుకోవాలనుకునేవారికి రోజూ ఒక బిళ్ళ నాలుక కింద పెట్టించి, అది కరిగేదాకా కూర్చోబెట్టే చోటు. నేను అక్కడ కౌన్సెలర్‌ని. మా గదిలో ఫ్యాను వేస్తే బకింగ్‌హామ్ కాలువలో పడవలు ఊగేవి. రిస్క్ అసెస్‌మెంట్ ఫారం, అంటే ఎవరికి ఏ ఆపద పొంచి ఉందో ముందే పసిగట్టే ప్రశ్నల పట్టిక, విప్పితే కోట ఊరి దాకా పరుచుకునేది.

రమణమ్మకు (పేరు మార్చాను) ముప్పై అయిదేళ్ళుంటాయి. రొయ్యల షెడ్డులో పొద్దంతా నిలబడి తలలు తుంచే పని. నడుంనొప్పికని ఎవరో వేసిన ఇంజెక్షన్ రోజుకొకటైంది, తర్వాత రెండైంది. భర్త పోయాక అత్తవారింట్లో ఉండనివ్వలేదు. మార్కెట్ వెనక ఒక గదిలో ఉంటోంది.

"డబ్బు కోసం ఎవరితోనైనా కలిశావా అమ్మా?" ఫారంలో ఉన్నది ఉన్నట్టు అడిగాను.

"ఏంది సార్ ఆ మాట. ఒక్క రూపాయి ముట్టలా నేను."

'లేదు' అన్నచోట టిక్కు పెట్టాను. నివాసం, అద్దె గది. అక్కడా టిక్కు. నా టిక్కులు ఎంత అందంగా ఉంటాయంటే, వాటిని చూసి మా పై అధికారి కళ్ళు తుడుచుకునేవాడు.

రెండు వారాలు చక్కగా వచ్చింది. తర్వాత రావడం తగ్గింది, చేతిమీద కొత్త సూది గుర్తులు కనబడ్డాయి. నేను ఉపన్యాసం అందుకున్నాను. అది విని గోడమీది బల్లి కూడా ఇకమీద మత్తు ముట్టనని ప్రమాణం చేసింది. రమణమ్మ మాత్రం కొంగు అంచు నలుపుతూ కూర్చుంది. అప్పుడు అడిగాను, "నీ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?" అని.

నలుపుతున్న కొంగు వదిలేసింది.

"గది ఇచ్చినాయన దగ్గర. బాడుగేం వద్దన్నాడు. బుద్ధి పుట్టినప్పుడు తలుపు తీసుకోని వస్తాడు. కాదంటే నా గుడ్డలు రోడ్డు మీదుంటాయి. సూది గూడా ఆయనే తెస్తాడు సార్. అది పడితే ఆ గంట నాకు తెలీదు."

రూపాయి చేతులు మారలేదు గనుక ఇది మా ఫారానికి చిక్కలేదు. పగలు మేమిచ్చిన బిళ్ళ ఎంత ముందుకు నడిపినా, పడుకోవడానికి వెళ్ళే చోటే ఆమెను వెనక్కి లాగుతోంది.

మా వీధిలో బట్టలు కుట్టే ఖాజాబీకి ఇంటి పక్క చిన్న గది ఖాళీగా ఉంది. రమణమ్మను అక్కడికి తీసుకెళ్ళాను. ఖాజాబీ ఆమెను ఎగాదిగా చూసింది.

"రొయ్యల వాసనొస్తావేమో."

"వస్తానక్కా."

"నా మిషన్ చప్పుడు నువ్వు ఓర్చుకుంటే, నీ వాసన నేను ఓర్చుకుంటాలే." రెండు తాళంచెవులూ ఆమె చేతిలో పెట్టింది.

"ఒకటి నీ దగ్గర పెట్టుకో అక్కా."

"నా దగ్గరుంటే ఊరుకుంటానా? నువ్వు ల్యానప్పుడు తీసి, ఏం కూర చేసినావో చూస్తా."

మర్నాడు రమణమ్మ కేంద్రం మూసేవేళకు వచ్చింది. "నిద్ర పట్టేసింది సార్," అంది, తప్పు చేసినదానిలా. ఆ తర్వాత కూడా రెండుసార్లు మళ్ళీ సూదివైపు జారింది. రెండుసార్లూ తనే వచ్చి చెప్పింది.

మత్తుకు లోబడిన మనిషి ఒంటిని ఎందుకు అప్పగిస్తుందో, ఆ కారణాన్ని అంతదాకా మత్తులోనే వెతికేవాణ్ణి. ఎక్కడ పడుకుంటోంది, అక్కడినుంచి ఆమెను ఎవరు తరిమెయ్యగలరు అన్నది ముందు తెలుసుకోవాలి. ఇప్పుడు ప్రతి ఫారం అంచునా తాళంచెవి ప్రశ్న పెన్నుతో రాసుకుంటాను.

ఇక ఇందులో కల్పించింది ఏమిటంటారా. పడవలనూ బల్లినీ మీరే భాగించేసి ఉంటారు. అసలు అబద్ధం వేరే. తాళంచెవి సంగతి నేను అడగలేదు. ఉపన్యాసం ముగించి, పెన్నుకు మూత పెట్టి, కళ్ళజోడు తుడుచుకుంటున్నాను. గుమ్మం దాకా వెళ్ళిన రమణమ్మ వెనక్కి వచ్చి కూర్చుంది.

"ఇన్ని అడిగినారు గదా సార్. నా గది తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగరా?"